అరవై ఏడో పడవ

1991 ఫిబ్రవరి ఎనిమిది, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది సగం చేప, గుప్పెడు బంగాళాదుంప చిప్స్. ఆ సగం చేప కూడా లెన్ పర్కిస్ పెట్టిందే. ఇంగ్లండు దక్షిణ తీరంలో రెండు రోజులుగా మంచు పడుతోంది. సరుకు రాలేదని చేపల కొట్టతను మూడే పొట్లాలు కట్టి పంపాడు. షెడ్డులో మేం ఐదుగురం. లెన్ తన పొట్లం విప్పి, చేపను చేత్తోనే రెండుగా విరిచి, పెద్ద ముక్క నావైపు తోశాడు.

"తిను ప్రేమ్. లెక్కలు కట్టేవాళ్ళకి ఆకలెక్కువ," అన్నాడు.

మూడు గంటలకి అతన్ని పనిలోంచి తీసేశారు. దానికి కారణం నేను కట్టిన లెక్కే.

ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. జెర్సీ సిటీలో మా అమ్మాయి ఫెబీ, అల్లుడు జెరెమీ, మనవరాలు మేధలతో కలిసి ఇరవై మూడో అంతస్తులో ఉంటున్నాను. నా భార్య విమలకుమారి పోయి మూడేళ్ళయింది. నా గదిలోంచి హడ్సన్ నది ఒక జానెడు కనిపిస్తుంది. ఆ జానెడులోంచి అప్పుడప్పుడూ ఒక ఫెర్రీ దాటుతుంది. అది చాలు అనుకుంటూ రోజులు గడుపుతున్నాను.

మే నెల ఆఖరి సోమవారం అందరికీ సెలవు. రాత్రి భోజనాల దగ్గర జెరెమీ నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"మావయ్యా, కళ్ళు మూసుకోండి."

"అన్నం తింటున్నాను కదయ్యా."

"అయితే ఆ ముద్ద మింగేసి మూసుకోండి."

కళ్ళు తెరిచేసరికి కంచం పక్కన అతని ఫోను. అందులో రేవుకి కట్టిన ఒక తెల్లటి మోటారు పడవ. పక్కలకి నీలం చార. ముందు భాగం కొంచెం పైకి లేచి, ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంటుంది. ఆ వంపు నేను గీసిందే. ముప్పై ఏళ్ళ తర్వాత చూసినా చెయ్యి గుర్తుపట్టింది.

"హాస్కెట్ 23!" అన్నాడు జెరెమీ. "ఆరేళ్ళ నుంచి ఆన్‌లైన్‌లో అలర్ట్ పెట్టుకుని చూస్తున్నా. కీపోర్ట్‌లో ఒక ముసలాయన దగ్గర దొరికింది. ఇంగ్లండు నుంచి వచ్చేటప్పుడు షిప్ చేయించుకున్నాడట. అమెరికా మొత్తమ్మీద ఇదొక్కటే ఉందేమో. మనదే మావయ్యా. పేపర్స్ కూడా అయిపోయాయి."

"తాతయ్యా, ఇది నువ్వే మేక్ చేశావా? లైక్, నీ హ్యాండ్స్‌తో?" అంది మేధ. దానికి పదమూడేళ్ళు.

"చేతులతో చేసింది వేరేవాళ్ళమ్మా. నేను కాగితం మీద గీశాను."

"సేమ్ థింగ్ కదా."

"కాదు," అన్నాను.

ఫెబీ నా మొహంలోకి చూసి, "డాడీని చూడు, ఏడ్చేసేలా ఉన్నారు," అని నా గ్లాసులో మజ్జిగ పోసింది. అది సంతోషమనుకుంది. అలా అనుకోవడమే మంచిదైంది. గ్లాసెత్తి మొహం దాచుకోవడానికి నాకు ఒక నిమిషం దొరికింది.

"శనివారం ఫస్ట్ రైడ్," అంటున్నాడు జెరెమీ. "శాండీ హుక్ దాటి ఓపెన్ ఓషన్‌లోకి. బయల్దేరేముందు బోటు మీద ప్రార్థన. అది మీరే చెయ్యాలి. పాస్టరుగారికి చెప్పేశా, వాళ్ళ ఫ్యామిలీ కూడా వస్తున్నారు."

మా వాళ్ళు కొత్త ఇల్లు కొన్నా, కారు కొన్నా ముందు ప్రార్థన చేయించిగానీ వాడరు. పడవకి చేయించడం మాత్రం నేను వినడం ఇదే మొదలు.

"నంబరెంత?" అన్నాను.

"ఏం నంబరు?"

"పడవ నంబరు. వెనక పలక మీద కుడివైపు చెక్కి ఉంటుంది."

"పేపర్స్‌లో న్యూజెర్సీ వాళ్ళిచ్చిన నంబరుంది. చెక్కింది నేను చూళ్ళేదు. ఏం మావయ్యా?"

"ఊరికే."

"మీరేం టెన్షన్ పడకండి. సర్వే చేయించా. ఆయన సుత్తి పట్టుకుని అడుగంతా టకటకా కొట్టి చూశాడు. హల్ సౌండ్, అంటే అడుగు గట్టిగా ఉందని రాసిచ్చాడు."

సుత్తితో కొడితే ఎక్కడైనా కుళ్ళితే తెలుస్తుంది. పలచగా ఉంటే తెలియదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. మేధ అప్పటికే ఫోను లాక్కుని, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలని తండ్రితో పోట్లాడుతోంది. నేను మజ్జిగ గ్లాసు మళ్ళీ ఎత్తాను.

నా భయమేమిటో చెప్పాలంటే హాస్కెట్ బోట్స్ గురించి కొంచెం చెప్పాలి.

విశాఖపట్నంలో ఇంజనీరింగు, సౌతాంప్టన్‌లో పై చదువు అయ్యాక, హాంబుల్ నది ఒడ్డున ఆ షెడ్డులో నేను పడవల డిజైనరుగా చేరాను. ఇరవై మూడు అడుగుల పడవలు ఏడాదికి పన్నెండు చేసేవాళ్ళం, మించితే పదమూడు. ఆ రోజుల్లో ఆ నది పొడుగునా అలాంటి షెడ్లే. ఒకరు చలికాలమంతా పందెం పడవలు మాత్రమే చేసేవారు. ఇంకొకరి దగ్గర తండ్రి చెక్కపని, కొడుకు ఇంజను, తల్లి ఆఫీసు. ఎవరి పడవ ఎవరిదో దూరం నుంచే తెలిసేది, నడకను బట్టి మనిషిని గుర్తుపట్టినట్టు. తర్వాత పెద్ద ఫ్యాక్టరీలు రోజుకో పడవ దించడం మొదలుపెట్టాయి. 1990లో వడ్డీలు పదిహేను శాతానికి పోయాయి. జనం పడవలు కొనడం మానేశారు. మా ఎదుటి ఒడ్డున షెడ్డు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. దాని పక్కది తివాచీల దుకాణమైంది. మా షెడ్డులో తూకం వేసే క్రేను అమ్మేశారు. అప్పటినుంచీ పడవ బరువెంతో కాగితం మీద తప్ప తెలిసేది కాదు.

ఆ శరత్కాలంలో యజమాని డెనిస్ హాస్కెట్ నన్ను పిలిచి అడిగాడు. "ప్రేమ్, అడుగున ఆరు పొరలు నిజంగా అవసరమా?"

ఫైబర్‌గ్లాసు పడవంటే, నున్నటి అచ్చులో గాజుగుడ్డ పరిచి, దానిమీద రెసిన్ అనే జిగురు రాసి, రోలరుతో గట్టిగా ఒత్తి, ఆరాక ఇంకో పొర పరచడం. అలా ఆరు పొరలు. నెమ్మదైన నీళ్ళలో నాలుగు చాలు. కానీ గంటకి ముప్పై అయిదు మైళ్ళ వేగంతో పొట్టి అలల మీద ఎగిరిపడుతూ పోతే, నాలుగు పొరల అడుగు ఏదో ఒక రోజు చీలుతుంది. ఏ రోజో ఎవరూ చెప్పలేరు. అది నాకు తెలుసు. డెనిస్ చెడ్డవాడు కాదు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ మాకు జీతాలిస్తున్నాడు. "కొనేవాళ్ళలో సగంమంది రేవు దాటి పోరు," అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను డ్రాయింగు మార్చాను. అరవై నాలుగో పడవ నుంచీ నాలుగే పొరలు. కింద సంతకం పెట్టాను.

లెన్ మా మేస్త్రీ. ఆ డ్రాయింగు చేత్తో పట్టుకుని చాలాసేపు చూసి గోడకి తగిలించాడు.

ఫిబ్రవరి ఆరున స్టాకు చూస్తే రెసిన్ తగ్గింది. నాలుగు పడవల మీద నూట అరవై కిలోలు. స్టోరు తాళంచెవి లెన్ దగ్గరే ఉంటుంది. చుట్టుపక్కల షెడ్లలో రెసిన్ దొంగచాటుగా అమ్ముకుంటున్నారని అందరికీ తెలుసు. నేను అంకె చెప్పాను, పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. డెనిస్ అడిగితే లెన్ జవాబివ్వలేదు. ఏప్రను మడిచి బల్లమీద పెట్టి, తన రోలర్లు సంచీలో వేసుకుని, మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరితో ఇంకో మూడు పడవలు చేయించాం. జూన్‌లో షెడ్డు మూసేశారు. మొత్తం డెబ్బై పడవలు. వాటిలో చివరి ఏడూ నా సంతకంతో పలచబడ్డవి.

ఏడాది తర్వాత ఒకరోజు వంటింట్లో విమలకి ఇదంతా చెప్పాను. స్టవ్ ఆర్పి విని, "ఆ ఏడుగురికీ ఉత్తరాలు రాయండి," అంది. అడ్రసులు లేవన్నాను. ఉన్నాయి. ఆవిడ మళ్ళీ అడగలేదు. కానీ ఏటా క్రిస్మసుకి లెన్ ఇంటికి కార్డు పంపేది. కింద నన్నూ సంతకం పెట్టమనేది. పెట్టేవాణ్ణి.

తర్వాత మేం అమెరికా వచ్చేశాం. ఇరవై అయిదేళ్ళు నీళ్ళ ట్యాంకులు గీశాను. అవీ ఫైబర్‌గ్లాసువే. ట్యాంకు కదలదు, దాని మీద ఎవరూ కూర్చోరు. నాకు అది నచ్చింది.

మంగళవారం పొద్దున్నే లేచి నది ఒడ్డున నడిచాను. ఒక బెంచీ మీద కూర్చుని, లేచి, ఇంకో బెంచీ దాకా వెళ్ళి కూర్చున్నాను. మధ్యాహ్నం పని లేకుండా రైలెక్కి మాన్‌హాటన్ బయల్దేరాను. రైల్లో ఒక అమ్మాయి లేచి నాకు సీటిచ్చింది. ఆ దయ వృథా చెయ్యకూడదని కూర్చున్నానుగానీ రెండు స్టేషన్లకే లేచి నిలబడ్డాను. దిగి ఎదురు రైలెక్కి ఇంటికొచ్చాను. అరవై నాలుగు కంటే ముందు నంబరైతే ఏ గొడవా లేదు. డెబ్బైలో అరవై మూడు మంచివి. పదింట తొమ్మిది పాళ్ళు మంచిదే అయ్యుంటుందని లెక్క కట్టుకున్నాను. నా లెక్కల మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది.

బుధవారం మా ఇంట్లోనే ప్రార్థన కూటం. ఫెబీ ఉప్మా చేసింది. జెరెమీ లేచి బోటు సంగతి సాక్ష్యంగా చెప్పాడు. పాస్టరుగారు నావైపు తిరిగి, "ప్రేమానందంగారూ, మీ చేతి పని సముద్రం దాటి మీ ఇంటికే వచ్చింది. ఎంత కృప!" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ పడవ మీద చెయ్యి పెట్టి, ప్రభువా దీన్ని కాపాడు అని నేను ఎలా అడగను? కాపాడాల్సిన రెండు పొరలు తీసేసింది నేనే కదా.

కూటం అయ్యాక పాస్టరుగారి చిన్నపిల్లలిద్దరూ మేధ గదిలో లైఫ్ జాకెట్లు తొడుక్కుని మంచం మీద గెంతుతున్నారు. మేధ వాళ్ళని ఫోటోలు తీస్తోంది. తలుపు దగ్గర నిలబడి చూసి, జెరెమీ దగ్గరికి పోయాను.

"నన్ను ముందే ఒకసారి తీసుకెళ్ళు. శుక్రవారం."

"అయ్యో, సర్‌ప్రైజ్ పోతుంది మావయ్యా. క్లీనింగ్‌వాళ్ళు శుక్రవారం మార్నింగే వస్తున్నారు."

"క్లీనింగ్ అయ్యాకే పోదాం."

"ప్రార్థనకి రిహార్సలా?" అని నవ్వి, సగం రోజు సెలవు పెట్టాడు.

శుక్రవారం పార్క్‌వే మీద ట్రాఫిక్ లేదు. ఉంటే బావుండుననుకున్నాను. కీపోర్ట్ చేరేసరికి రెండున్నర. రేవులో నీళ్ళు ఎండకి తళతళలాడుతున్నాయి. మరమ్మతు షెడ్డు మీదుగా తెరలు తెరలుగా రెసిన్ వాసన వచ్చింది. ఆ వాసనకి ఒక్క క్షణం నా వయసు ముప్పై ఏడైపోయింది.

పడవ ఫోటోలో కన్నా ముసలిదైంది. నీలం చార వెలిసింది. అయినా నీళ్ళమీద కూర్చున్న తీరు అదే. నేను పక్క నుంచి చూడకుండా సరాసరి వెనక్కి నడిచి, వంగి, కుడివైపు పలక మీద వేలితో తడిమాను. రంగు పొరల కింద గీతలు తగిలాయి. ఆరు. ఏడు.

"దొరికిందా? ఎంత?" అన్నాడు జెరెమీ.

"అరవై ఏడు."

"కూల్. లక్కీ నంబరా?"

రేవు చెక్కల మీదే కూర్చున్నాను. నిలబడి చెప్పగలిగే మాట కాదది. షెడ్డు సంగతి, డ్రాయింగు సంగతి, సంతకం సంగతి వరసగా చెప్పాను. ఎక్కడా డెనిస్ పేరు అడ్డం పెట్టుకోలేదు. జెరెమీ నవ్వు మొదట పెదాల మీదే ఉండిపోయి, తర్వాత మెల్లగా పోయింది.

"అంటే... సోమవారం నుంచీ మీకు తెలుసు."

"నంబరు తెలీదు."

"నంబరు తెలీకపోతే! డౌటుందని చెప్పొచ్చు కదా మావయ్యా! మేధ ఫ్రంట్ సీట్ కోసం నాతో వారమంతా ఫైట్ చేస్తోంది. పాస్టరుగారి పిల్లలు... చిన్నోడికి నాలుగేళ్ళు!"

"తెలుసు."

"నేను మీకోసం కొన్నాను ఇది. నాకు బోటెందుకు? నాకు ఈతే సరిగ్గా రాదు!"

చుట్ట చుట్టి ఉన్న తాడుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది సగం విడిపోయి నీళ్ళలోకి జారింది. మళ్ళీ తనే మోకాళ్ళమీద కూర్చుని, దాన్ని పైకి లాగి, చుట్టలా సర్దాడు. కోపంలో కూడా తాడు సర్దిపెట్టే మనిషికి మా అమ్మాయినిచ్చానని ఆ పరిస్థితిలోనూ నాకనిపించింది.

"సర్వేయర్ బానే ఉందన్నాడు," అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "మీరు తప్పు గుర్తుపెట్టుకున్నారేమో. ప్రూఫేంటి?"

"ఉంది. లోపల ముందు కొసన లంగరు పెట్టే అర ఉంటుంది. అక్కడ రంగు వెయ్యరు. ఒక్కో పొరనీ కింది పొరకంటే అంగుళం ముందే ఆపేస్తారు, మెట్లలాగా. పొర పరిచిన మనిషి దానిమీద పెన్సిలుతో తన పొడి అక్షరాలూ తేదీ రాసి, పైన పలచగా జిగురు పూస్తాడు. అది చెరిగిపోదు. మా షెడ్డు అలవాటది. నాలుగు మెట్లుంటాయి. చూపిస్తాను."

"మీరొద్దు, నేను దూరతా."

"నీకు ఏం చూడాలో తెలీదు."

జెరెమీ నా చెయ్యి పట్టుకుని పడవలోకి దించాడు. కోపంగా ఉన్నా చెయ్యి వదల్లేదు. ముందు గదిలో బల్ల పరుపు తీసి, చిన్న చెక్కతలుపు ఊడదీసి, ఫోను లైటు పట్టుకుని పొట్టమీద పాకాను. భుజాలు తలుపు చట్రానికి రాసుకున్నాయి. లంగరు గొలుసు పక్కకి నెట్టి, తడి గుడ్డతో ముప్పై ఏళ్ళ మట్టి తుడిచాను. మెట్లు కనిపించాయి. గోటితో తడుముతూ లెక్కపెట్టాను.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

గోరు ఇంకో అంచుకి తగిలి ఆగింది.

మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాను. ఈసారి లైటు దగ్గరగా పెట్టి, పైకి చదువుతూ లెక్కపెట్టాను. ఒక్కో మెట్టు మీదా తేనెరంగు జిగురు కింద ఎల్.పి., ఎల్.పి. జనవరి 28. జనవరి 29. జనవరి 30. చివరి మెట్టు మీద ఫిబ్రవరి 5. అతన్ని పంపించడానికి మూడు రోజుల ముందు.

"మావయ్యా? బానే ఉన్నారా? మావయ్యా!"

"ఆరు," అన్నాను.

"ఏంటి?"

"ఆరున్నాయి జెరెమీ."

ఆ ఇరుకులో చెంప చల్లటి గొలుసుకి ఆనించి అలాగే పడుకున్నాను. పొరకి ఇరవై కిలోల రెసిన్. పడవకి రెండు పొరలంటే నలభై. అరవై నాలుగు, అరవై అయిదు, అరవై ఆరు, అరవై ఏడు. నాలుగు నలభైలు నూట అరవై. నా లెక్క సరైనదే. రెసిన్ ఎక్కడికీ పోలేదు. గాజుగుడ్డ ఆర్డర్లు లేక గుట్టలుగా పడి ఉండేది, దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను ఏదో ఒక పడవలో ఈ అరలోకి తలపెట్టి చూసుంటే తెలిసిపోయేది. అంతకుముందు ప్రతి పడవలోనూ చూసేవాణ్ణి. అరవై నాలుగు నుంచీ మానేశాను. నా సంతకం ఫలితం నా కళ్ళతో చూడ్డానికి సిగ్గేసి మానేశాను. ఆ సిగ్గు ఒక మనిషిని దొంగని చేసింది.

జెరెమీ నా కాళ్ళు పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాడు. నా మొహం చూసి తన జేబురుమాలిచ్చాడు.

"అంటే సేఫా?"

"ఇది సేఫే. మేం చేసిన మంచి పడవల్లో... ఇది చాలా మంచి పడవ."

"థాంక్ గాడ్!" అని బల్లమీద కూలబడి, రెండు చేతులతో జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "మరి మీరెందుకు అలా ఉన్నారు?"

"ఇంకో మూడున్నాయి. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. లెన్‌ని పంపేశాక చేయించినవి. అవి నాలుగు పొరలే. నేను కళ్ళారా చూశాను గుడ్డ కోస్తుంటే."

అలల మీద పడవ చిన్నగా ఊగింది. రేవు తాడు కిర్రుమంది.

"ఆయన ఉన్నాడా?" అన్నాడు.

"తెలీదు. మీ అత్తయ్య పుస్తకంలో నంబరుంటుంది."

ఫెబీకి ఫోన్ చేశాడు. తను ఇంటినుంచే పని చేస్తోంది. మీటింగు మధ్యలోంచి లేచి, అల్మారా వెతికి, నంబరు చదివింది. "అమ్మ రాసిన ఏడు ఒకటిలా ఉంటుంది డాడీ. ఏడేనా?" అంది. "ఏడే," అన్నాను. ఎందుకని తను అడగలేదు. సాయంత్రం చెబుతారుగా అని పెట్టేసింది.

అప్పుడు మాకు మూడూ నలభై. అక్కడ తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువ. లెన్ మాట్లాడింది ఇంగ్లీషులోనే. ఆ హాంప్‌షైర్ యాస తెలుగులోకి తేవడం నా వల్లకాదు. మాటలు మాత్రం ఇవే.

"ఎవరు?"

"ప్రేమ్. హాస్కెట్‌లో పనిచేసిన ప్రేమానందం."

వెనకాల కోడి ఒకటి గునుస్తున్నట్టు కూసింది.

"బతికే ఉన్నావా! మూడేళ్ళుగా కార్డు లేకపోతే ఇద్దరూ పోయారనుకున్నా."

"విమల పోయింది లెన్."

"అయ్యో." ఊపిరి తీసుకున్నాడు. "ఒకసారి నిమ్మకాయ ఊరగాయ పంపింది. మా ఆవిడ భయపడి సీసా కిటికీలో పెట్టింది, అలంకారానికి. నేను దొంగతనంగా తినేవాణ్ణి. మంచి మనిషి."

"లెన్, నేను అరవై ఏడులో ఉన్నాను. అమెరికాలో. ఇప్పుడే లంగరు అరలోంచి వచ్చాను."

"ఈ వయసులోనా? మతి పోయిందా నీకు?"

"ఆరు పొరలున్నాయి."

"ఉంటాయి మరి. నేనేగా వేసింది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమయ్యేది? డెనిస్ ఆ రోజే నన్ను పంపేసి, అరవై అయిదు నుంచే పలచవి చేయించేవాడు. నోరు మూసుకుంటే ఇంకో రెండు మూడైనా సరిగ్గా దిగుతాయనుకున్నా. నువ్వంత తొందరగా లెక్క పట్టేస్తావనుకోలేదు."

"నన్ను క్షమించు," అన్నాను. ముప్పై నాలుగేళ్ళు దాచుకున్న మాట, బయటికొచ్చాక ఎంత చిన్నదో తెలిసింది.

క్షమించాననలేదు, లేదనీ అనలేదు. "పదకొండు నెలలు పని లేదు నాకు," అన్నాడు, వాతావరణం సంగతి చెబుతున్నట్టు. "రెసిన్ దొంగ అని పేరు పడ్డాక ఏ షెడ్డువాడు పెట్టుకుంటాడు? తర్వాత ఆ షెడ్లే లేకుండా పోయాయి. బస్సు నడిపాను. పందొమ్మిదేళ్ళు. బస్సూ బానే ఉంటుంది. వెచ్చగా ఉంటుంది."

జెరెమీ నా భుజం మీద చెయ్యి వేశాడు. అతనికి ఫోనులో మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఆ మూడూ ఏమయ్యాయో నీకేమైనా తెలుసా?" అన్నాను.

"తెలీకేం. అరవై ఎనిమిది పూల్ ఊరి దగ్గర ఒక పబ్బు ముందుంది. మట్టి పోసి పూలమొక్కలు పెంచుతున్నారు. నేను వెళ్ళి చూశా, బావున్నాయి పూలు. డెబ్బై రేవులోనే కాలిపోయింది, ఇంజను అంటుకుని. ఎవరికీ ఏం కాలేదు."

"అరవై తొమ్మిది?"

"అది ఐర్లండులో. ఇంకా తిరుగుతోంది. పిల్లలున్న కుటుంబం. రెండుసార్లు ఉత్తరం రాశా వాళ్ళకి. జవాబు లేదు. నేనెవణ్ణి ప్రేమ్? రిటైరైన బస్సు డ్రైవరు మీ పడవ పలచగా ఉందని రాస్తే ఎవరు నమ్ముతారు? డిజైనరు సంతకం పెట్టి రాస్తే నమ్ముతారు."

"రాస్తాను. ఈ రోజే రాస్తాను."

"ఏం రాస్తావ్?"

"నాలుగు పొరలే ఉన్నాయని. సముద్రంలోకి తీసుకుపోవద్దని. ఆ డ్రాయింగు మీద సంతకం నాదని."

"ఆ ఆఖరిది మర్చిపోకు," అన్నాడు లెన్. ఎగతాళి కాదు. పనిచెప్పే మేస్త్రీ గొంతు. పొర మీద రోలరు ఎంత గట్టిగా ఒత్తాలో చెప్పేటప్పుడు ఆ గొంతుతోనే చెప్పేవాడు. "పేరూ, అడ్రసూ నా దగ్గరున్నాయి. రాసుకో."

జెరెమీ అప్పటికే జేబులోంచి పెన్ను తీసి, సర్వే కాగితం తిరగేసి ఖాళీ వైపు నా ముందు పెట్టాడు.

"చెప్పు లెన్."

"ఒక్క నిమిషం ఉండు. ఇక్కడ పొద్దు పోతోంది. ఈ వారం నక్కొకటి తిరుగుతోంది. కోళ్ళని మూసేసి లోపలికి పోయి పుస్తకం తీస్తా. ఫోను పెట్టెయ్యకు."

"పెట్టను."

ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. గులకరాళ్ళ మీద ముసలి అడుగులు వినిపించాయి. ఆగాయి. కోళ్ళని లెక్కపెడుతున్నట్టు, ఇంకా రాని ఒకదాన్ని పేరుపెట్టి పిలుస్తున్నట్టు ఏవో రెండు మాటలన్నాడు. రెక్కల చప్పుడొకటి అయింది. ఆ తర్వాత, లోపలివి ఉలిక్కిపడకుండా, చెక్కతలుపు మెల్లగా మూసి గడియ పెట్టాడు.